పండగ కన్నా ముందు నెలే ముద్దు

ఏమ్మా చెల్లాయ్, అరిసెల బియ్యం నానబోయడానికి ఇంకా రోజులున్నాయి గానీ, ఆ చేతిలో పని పక్కన పెట్టి కాసేపు ఇలా కూర్చో. ఒక మాట చెబుతాను, మా అత్తగారి దగ్గర మాత్రం అనకు. నాకు సంక్రాంతి కంటే సంక్రాంతి ముందు నెలే ఇష్టం.

పండగ మీద కోపమేమీ లేదు. కానీ ఆ మూడు రోజులూ మన చేతిలో ఉండవు. ఎవరికి రైలు టికెట్టు దొరికింది, ఎవరిది వెయిటింగు లిస్టులో ఉండిపోయింది, పాకం ముదిరిందా లేతగా ఉందా, ఆడపడుచుకి చీర అంచు నచ్చిందా, కొత్తల్లుడు గారు రెండోసారి వడ్డిస్తే ఎందుకు వద్దన్నారు... ఈ గొడవలో భోగి ఎప్పుడొచ్చిందో కనుమ ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. ముక్కనుమ నాటికి నడుం పట్టేసి, మిగిలిన జంతికలు ఎవరికి కట్టి పంపుదామా అని డబ్బాలు వెతుక్కుంటూ ఉంటాం.

నెల పట్టిన దగ్గర్నుంచి భోగి దాకా వచ్చే తెల్లవారుజాములు అలా కాదు. అవి అచ్చంగా మనవి. డిసెంబరు 16కి కాస్త అటూ ఇటూగా సూర్యుడు ధనూరాశిలో అడుగు పెడతాడు. ఇక పండగ దాకా పెళ్ళిళ్ళు లేవు, గృహప్రవేశాలు లేవు, పట్టుచీర మడత విప్పే పని లేదు, చదివింపుల కవరులో ఎంత పెట్టాలన్న చర్చ లేదు. శాస్త్రం తెలిసినవాళ్ళు దీనికి కారణాలు చాలా చెబుతారు. నాకు మటుకు, ఇంటి చాకిరీ తెలిసిన ఆడమనిషి ఎవరో ఈ నెలను పంచాంగంలోకి దూర్చిందని అనుమానం.

పోయినసారి నువ్వన్న మాట నాకు ఇంకా చెవుల్లోనే ఉంది. "నాకేమీ చేతకాదక్కా, బొమ్మలెయ్యడం రాదు, పాట రాదు, కవిత్వం అసలే రాదు" అన్నావు. ముగ్గు వచ్చు కదే! దాన్ని లెక్కలో వేసుకోవు, అదీ నీ సంగతి. మన అమ్మలూ వేసుకోలేదు. ఊరంతా ఆగి చూసి వెళ్ళే ముగ్గు పెట్టి, ఎవరైనా బాగుందంటే "ఆఁ, ఏదో రెండు గీతలు" అని బక్కెట తీసుకుని లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆ రెండు గీతల్లో ఏముందో చూద్దాం రా. ఏడు నుంచి నాలుగు, సందుచుక్క తీసుకో. మధ్య వరసలో ఏడు చుక్కలు. దాని పైన, చుక్కకీ చుక్కకీ మధ్య సందులో ఆరు, ఆ పైన ఐదు, ఆ పైన నాలుగు. కిందవైపూ అంతే. మొత్తం 37. అదే పదిహేను నుంచి ఎనిమిదికి వెళ్ళావనుకో, 169 చుక్కలు. వంగి పెట్టేసరికి నడుం సంగతి నీకే తెలుస్తుంది. ఇక మెలిక. ఒక్క చుక్క కూడా గీతకు బయట మిగలకూడదు, గీత ఎక్కడా వేలాడకూడదు, తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. పేపరు మీద అయితే పెన్సిలుతో కొట్టేసి మళ్ళీ గీసుకోవచ్చు. వాకిట్లో ఆ వీలు లేదు. పిడికిట్లో పిండి, బొటనవేలు చూపుడువేలి మీద రాసుకుంటూ వదలాలి, చెయ్యి ఆగితే అక్కడ బొబ్బ కట్టినట్టు లావైపోతుంది. మరీ మెత్తని పిండి వేళ్ళకి అంటుకుంటుంది గానీ జారదు, కొంచెం పలుకు ఉండాలి. రంగులయితే సన్నని ఇసుకో మెత్తని ఉప్పో కలిపితే చక్కగా జారతాయి. పిండిబస్తా సైకిలు మీద వేసుకొచ్చి "ముగ్గో" అని అరిచే అతన్ని అడుగు, ఏ రాయిపిండి గీతకు పనికొస్తుందో ఏది నింపడానికో అరగంట చెబుతాడు.

1974లో మద్రాసులో గిఫ్ట్ సిరొమనీ, రాణి సిరొమనీ, కమలా కృతివాసన్ అనే ముగ్గురు కలిసి తమిళనాడు ముగ్గుల మీద ఒక పరిశోధన పత్రం రాశారు. భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకీ ఉందని, చిన్న చిన్న నియమాలతో ఎంత పెద్ద ముగ్గునైనా పుట్టించవచ్చని, దాన్ని కంప్యూటరుకీ నేర్పవచ్చని అందులో చూపించారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళే, ఆశ్చర్యమేముంది! ఏడో తరగతి దాటని మా అమ్మమ్మకి ఆ వ్యాకరణమంతా మునివేళ్ళ మీద ఉండేది. ఐదు చుక్కల ముగ్గు చూపిస్తే దాన్నే పదకొండుకు పెంచి వేసేది, పుస్తకం లేదు, లెక్క లేదు.

తొమ్మిదయ్యేసరికి ఆ ముగ్గు సగం పోతుంది. స్కూటర్ల టైర్లు, బస్సెక్కే పిల్లల బూట్లు, కొరియరు కుర్రాడి బండి. చాలామంది ఇక్కడే మనసు కష్టపెట్టుకుంటారు. నాకైతే అందులోనే హాయి ఉంది. మనం కుట్టిన దిండు గలీబు మాసిపోతే బెంగ, గీసిన బొమ్మకి ఫ్రేము కట్టిస్తే దుమ్ము దులపాలి, రాసిన కథ పత్రికకి పంపితే తిరిగొస్తుందేమోనని గుండె దడ. ముగ్గుకి దాచే బాధ లేదు, అమ్మే బాధ లేదు. రేపటికి ఖాళీ వాకిలి కావాలి, అందుకని ఇవాళ్టిది పోవాలి. నిన్న వంకరగా వచ్చిందని ఇవాళ ఎవరూ ఎత్తిపొడవరు, ఎందుకంటే నిన్నటిది లేదు.

ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టుకో, నేను వద్దనను. కానీ పోటీలకు మాత్రం దూరం నేను. టేపు పెట్టి కొలిచి, గంట కొట్టి ఆపమని, ప్రెషర్ కుక్కరు బహుమతి ఇచ్చేసరికి తెల్లవారుజాము కాస్తా పరీక్ష హాలు అవుతుంది. ఇక గడప ముందు అంటించే స్టిక్కరు ముగ్గులంటావా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు అంటించుకున్నారంటే అర్థముంది. నీకేమొచ్చిందే, ముప్పయ్యేళ్ళకి? టైల్సు మీద పిండి నిలవదంటావు, అవునమ్మా, నిలవదు. సుద్దముక్క నీళ్ళలో ముంచి గియ్యి, ఆరాక తెల్లగా తేలుతుంది. లేదంటే ఒక పీట తీసుకుని దాని మీద వెయ్యి.

మా గేటు ముందు జాగా అపార్ట్‌మెంటులో అందరిదీ. అందుకే చెలిమి కూడా అక్కడే మొదలైంది. ఎవరికి వాళ్ళం ఫ్లాటు తలుపు ముందు గజం జాగాలో గీసుకుని లోపలికి వెళ్ళిపోయిన ఏళ్ళలో, ఎదురింటావిడ పేరు కూడా నాకు సరిగ్గా తెలీదు. ఇప్పుడు నెలంతా ఐదున్నరకి గేటు దగ్గర ఐదారుగురం ఉంటాం. మూడో అంతస్తు అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి కంపెనీ క్యాబు దిగి, బ్యాగు గోడకి ఆనించి, అలాగే గొంతుక్కూర్చుని రంగులు నింపుతుంది. నిద్ర ముంచుకొస్తోంది పోయి పడుకోవే అంటే, "ఈ పువ్వు అయిపోనీండి ఆంటీ" అంటుంది. రాత్రంతా కంప్యూటరు ముందు ఏం చేసిందో మాకు చెప్పినా అర్థం కాదు, ఆ పువ్వు మాత్రం అందరికీ అర్థమవుతుంది.

లేవడానికి బద్ధకించేవాళ్ళని లేపడం ఒక సంబరం. ఇదేం కొత్త కాదు, గోదాదేవి నాటిదే. పన్నెండుమంది ఆళ్వార్లలో ఆడమనిషి ఆవిడొక్కతే. ఆవిడ పాడిన తిరుప్పావైలో ముప్పై పాశురాలుంటే, ఆరు నుంచి పదిహేను వరకు పది పాశురాలూ స్నేహితురాళ్ళని నిద్రలేపడానికే సరిపోయాయి, చూశావా! వ్రతం తనది, దేవుడు తనవాడు, ఎంచక్కా ఒక్కతే గుడికి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. ఇల్లిల్లూ తిరిగి, తలుపు తట్టి, దెప్పి, బతిమాలి, లోపలున్న వాళ్ళమ్మని కూడా "మీ పిల్ల మూగదా చెవిటిదా" అని అడిగి మరీ లేపింది. పదిహేనో పాశురంలో తలుపుకి అటూ ఇటూ సంభాషణే నడుస్తుంది. లోపలి పిల్ల "అందరూ వచ్చేశారా?" అంటే, బయటివాళ్ళు "నువ్వే వచ్చి లెక్కపెట్టుకో" అంటారు. మా వాట్సాప్ గ్రూపులో రోజూ పొద్దున్నే నడిచేది సరిగ్గా ఇదే.

డాలస్‌లో ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలు కూడా అందులోనే ఉంది. మనకి తెల్లవారి ఐదున్నర అంటే అక్కడ ముందురోజు సాయంత్రం ఆరు. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల రంగు సుద్దముక్కలు తీసుకుని, కారు షెడ్డు ముందు సిమెంటు మీద మేం వేసిందే వేస్తుంది. తెల్లవారుజామున వేసే ముగ్గుని సాయంత్రం వేస్తే పుణ్యం వస్తుందా అని ఒకరు సందేహం లేవదీశారు. దానికి ఆవిడ, "ఆంధ్రా టైము ప్రకారం వేస్తున్నా, దేవుడు అక్కడివాడే కదా" అంది. ఇక ఎవరూ నోరెత్తలేదు.

ఇప్పుడు కింద ఫ్లాటు పిన్నిగారి సంగతి చెప్పాలి. మా అందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి ఆవిడే. చుక్కలు పెడితే దారం పట్టి పెట్టినట్టుంటాయి. బాబాయిగారు పోయాక ఏడాది పాటు వాళ్ళ తలుపు ముందు ముగ్గు పడలేదు. ఏటి సూతకం, సరే అనుకున్నాం. ఏడాది తిరిగింది, సంవత్సరీకాలు అయ్యాయి, నెల పట్టారు, అయినా ఆవిడ బయటికి రాలేదు. కిటికీ ఊచల వెనకాల నిలబడి చూస్తోంది. పిలిస్తే "నేను ముందు రాకూడదులేమ్మా, మీరు కానివ్వండి" అంది. కూడదని ఎవరూ ఆవిడతో అనలేదు. అనక్కర్లేకుండానే మనవాళ్ళు చిన్నప్పటి నుంచి నేర్పేస్తారు కదా, అదీ దారుణం.

ఎలా తీసుకురావాలో మాకెవరికీ తోచలేదు. వాచ్‌మన్ భార్య మాత్రం కళ్ళాపి బక్కెట పట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళి, "అమ్మగారూ, వీళ్ళు పెట్టే చుక్కలు ఒకటి తూర్పుకి ఒకటి పడమరకి పోతన్నాయి. చూసే జనం నన్ను నవ్వుతన్నారు. మీరొచ్చి చుక్కలు పెట్టి పోండి, గీతలు వాళ్ళే గీసుకుంటారు" అంది. పిన్నిగారు నవ్వింది. చెంగు దోపుకుని వచ్చింది. తొమ్మిది నుంచి ఐదు, సందుచుక్క, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టేసింది. లేచి వెళ్ళబోతూ, మూడో అంతస్తు అమ్మాయి మెలిక తప్పుతుంటే చూసి ఉండబట్టలేక, మళ్ళీ కూర్చుంది.

రెండో అంతస్తు మామ్మగారు మూతి ముడిచారు. "శుభమా అని నెల పడితే ఇదేమిటి" అని బాల్కనీలోంచి అందరికీ వినపడేలా సణిగారు. వయసులో పెద్దావిడ, ఎదురు చెప్పలేదు గానీ, పిన్నిగారిని లేవనివ్వలేదు మేం. మామ్మగారు ఇప్పటికీ మారలేదు, సణుగుడూ మానలేదు. కాకపోతే రోజూ ఆరింటికల్లా బాల్కనీలోకి వస్తారు. చుక్క తేడా వస్తే పైనించే అరుస్తారు, "ఎడమవైపు ఐదో వరస చూడండే" అని. ఆ లెక్క ఒక్కనాడూ తప్పు కాలేదు.

భక్తి విషయంలో నీకు నా గురించి పెద్ద భ్రమలేమీ ఉండక్కర్లేదు. పాశురాలన్నీ నాకు నోటికి రావు. గుళ్ళో స్వామివారు ఎత్తుకుంటే వెనకాల అందుకుంటాను, మధ్యలో వదిలేస్తాను, చివరి మాట మాత్రం గట్టిగా అంటాను. తిరుమలలో ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావైతోనే స్వామిని మేలుకొలుపుతారు. మా వీధి చివరి గుళ్ళోనూ అంతే, మైకులో గోదమ్మ పాటే. అది అయ్యాక దొన్నెలో వేడి వేడి కట్టెపొంగలి. చేతులు కాలుతుంటే ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ, మిరియం పంటి కింద పడ్డప్పుడు ముక్కు చీదుకుంటూ, మెట్ల మీద నిలబడి తింటాం. నా భక్తిలో సగం ఆ పొంగలికే పోతుందని దేవుడికి తెలుసు. తెలిసే పెట్టిస్తున్నాడు కాబోలు.

ఒక సంగతి మాత్రం నాకు భలే నచ్చుతుంది. రెండో పాశురంలో ఆ పిల్లలంతా నియమం పెట్టుకుంటారు: నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం, చాడీలు చెప్పం. (ఈ చివరిది మా గేటు బృందానికి చాలా కష్టం.) ఇరవై ఏడో పాశురానికి వచ్చేసరికి అన్నీ తిరిగొచ్చేస్తాయి. నగలు, కొత్త బట్టలు, మోచేతి దాకా నెయ్యి కారే పాలన్నం, అదీ అందరూ కలిసి కూర్చుని తినాలి. దేవుడి పేరు చెప్పి నెయ్యి మానిపించినవాళ్ళని చాలామందిని చూశాం గానీ, ఇంత నెయ్యి పోయించిన భక్తురాలిని చూశావా? ఆవిడ మొదట్నుంచీ అంతే. తండ్రి విష్ణుచిత్తుడు స్వామికోసం కట్టిన మాలని ముందు తన మెడలో వేసుకుని, బావి నీళ్ళలో అందం చూసుకుని, అప్పుడు గుడికి పంపిన పిల్ల. తండ్రికి తెలిసి నొచ్చుకున్నాడు గానీ, స్వామి ఆ వాడిన మాలే కావాలన్నాడట. శ్రీవిల్లిపుత్తూరులోని ఆ తండ్రీకూతుళ్ళ కథనే శ్రీకృష్ణదేవరాయలంతటివాడు ఆముక్తమాల్యదగా మన తెలుగులో రాశాడు.

ఆ ఇరవై ఏడో పాశురం పాడే కూడారై నాడు, అంటే సాధారణంగా జనవరి 11న, మా ఇంట్లోనూ ఆ పాలన్నం వండుతాం. మా అత్తగారు స్టవ్ దగ్గరికి నన్ను రానివ్వరు. బియ్యం పాలలో మెత్తగా ఉడికాక, దించి, వేడి కాస్త తగ్గనిచ్చి అప్పుడు బెల్లం వెయ్యాలి, తొందరపడ్డావో పాలు విరిగిపోతాయి. ఆ తగ్గే పావుగంటా ఆవిడ గిన్నె పక్కనే కూర్చుని, వాళ్ళ పుట్టింటి సంక్రాంతుల గురించి చెబుతారు. ఏటా అవే కథలు. పెంకుటింటి అరుగు, ఎడ్ల కొమ్ములకి రంగులు, గొబ్బెమ్మ మీది గుమ్మడిపువ్వు కోసం పక్కింటి పాదు మీద పడి తిట్లు తినడం. మామూలు రోజుల్లో మా ఇద్దరికీ కందిపప్పు దగ్గర్నుంచీ కరెంటు బిల్లు దాకా పేచీయే, నీకు తెలియనిదేముంది. ఆ పావుగంట మాత్రం నేను కోడల్ని కాను, ఆవిడ అత్తగారు కాదు. బెల్లం వేశాక మళ్ళీ మామూలే.

మా వారి వంతు కూడా చెప్పకపోతే చిన్నబుచ్చుకుంటారు. ఆయన లేవరు. లేచినా కింది దాకా రారు. ఫ్లాస్కులో కాఫీ పోసి లిఫ్టులో పెట్టి కిందికి పంపుతారు, మనిషి లేకుండా ఫ్లాస్కొక్కటే దిగుతుంది. మొదట్లో మేమంతా పడీ పడీ నవ్వాం. ఇప్పుడు లిఫ్టు చప్పుడైతే చాలు, గ్లాసులు బయటికొస్తాయి.

మా మేనల్లుడి కూతురికి నాలుగేళ్ళు. పోయిన సెలవులకి వచ్చినప్పుడు దానికి హరిదాసుని చూపించాం. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, నుదుట నామం. ఆయన గిన్నె దించడు, ఎవరితోనూ మాట్లాడడు, తలెత్తి అడగడు. పిల్ల గుప్పెట్లో బియ్యం పట్టుకుని ముందుకెళ్ళి, అంత ఎత్తు అందక, నా వైపు చూసింది. ఆయనే మోకాళ్ళ మీద వంగి, తల దాని చెయ్యి అందే దాకా కిందికి దించాడు. సగం బియ్యం గిన్నెలో, సగం ఆయన భుజం మీద. ఆ రోజంతా ఇంట్లో ఎవరు వంగినా వాళ్ళ నెత్తిన బియ్యం పోసింది మా పిల్ల. ఈమధ్య హరిదాసులు కొందరు మోటారు సైకిలు మీద, మైకు పెట్టుకుని వస్తున్నారు. పెద్దవాళ్ళు చిరాకు పడతారు గానీ, ఎండలో ఊరంతా కాళ్ళీడ్చుకుంటూ తిరిగితేనే మనకి తృప్తా? రానీ పాపం.

"అక్కా, ఇవన్నీ నీకు కుదిరాయి, నాకు తీరికెక్కడిది" అంటావు. అంటావని తెలుసు. తెల్లవారి నాలుగింటికి క్యారియర్లు సర్దేవాళ్ళని, పసిబిడ్డతో రాత్రంతా జాగారం చేసేవాళ్ళని లేచి ముగ్గెయ్యమనేంత కఠినురాల్ని కాదు నేను. నిద్రపో తల్లీ, అదీ దేవుడిచ్చిందే. కానీ నీకు తీరిక లేదన్నది సగమే నిజం. రాత్రి పదకొండింటికి ఫోనులో ఎవరెవరో పిండివంటలు చేసుకుంటుంటే అరగంట చూస్తావు, చూశానని నువ్వే చెప్పావు. ఆ అరగంట ముందు పడుకో. పొద్దున్న ఏడు నుంచి నాలుగు చాలు. పక్క ఫ్లాటు తలుపు ఒకసారి తట్టు. ఆవిడ విసుక్కుంటే గోదాదేవి పేరు చెప్పు.

సరే, నాకు పనుంది, వెళ్ళాలి. కనుమ నాటి రథం ముగ్గు గురించి కింద పంచాయితీ నడుస్తోంది. రథం తాడు ఇంటింటికీ కలుపుకుంటూ వీధి చివరి దాకా లాగాలి కదా, మధ్యలో రోడ్డుంది. ఎదురు అపార్ట్‌మెంటు వాళ్ళు ఈసారి తాడు మా గేటు దాకా వాళ్ళే గీస్తామన్నారు. పిండి ఖర్చు మాత్రం మాదేనట. మామ్మగారు ససేమిరా అంటున్నారు.